కూచిపూడి పక్కన తోలుబొమ్మ: కొత్తగా కంపోజ్ చేసేవాళ్లకు ఒక దారి

మా క్లాసులో పిల్లలు డిగ్రీలోకి రాగానే అడిగే మాట ఒకటే: "మేడమ్, ఫ్యూజన్ ఏదైనా చేద్దామా?" ఏం చేద్దామనుకుంటున్నారర్రా అంటే, ముందు రెండు నిమిషాలు కూచిపూడి, తర్వాత రెండు నిమిషాలు వెస్టర్న్, చివర్లో అందరూ కలిసి డప్పు మీద ఒక ఊపు. కాలేజీ డేకి అది చాలు, ఈలలు కూడా పడతాయి. మీ పేరు చెప్పుకుని ఒక కొత్త ఐటమ్ నాలుగైదేళ్లు ఆడించుకోవాలంటే మాత్రం ఇంకాస్త ఒళ్లు వంచాలి. నేను విజయవాడ సత్యనారాయణపురంలో కూచిపూడి నేర్పుతాను. కొన్నేళ్లుగా తోలుబొమ్మలాట వాళ్లతో కలిసి చిన్న చిన్న ఐటమ్స్ కంపోజ్ చేస్తున్నాను. అందుకని ఉదాహరణలన్నీ అక్కడినుంచే ఇస్తాను. మీది భరతనాట్యమైనా కాంటెంపరరీ అయినా, మీరు కలిపేది బుర్రకథైనా బొమ్మలు గీయడమైనా, పద్ధతి పెద్దగా మారదు.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. మీ మనసులో ఉన్న ఐటమ్‌లోంచి ఆ రెండో కళను పూర్తిగా తీసేయండి. మిగిలిన డాన్సు హాయిగా ఆడేస్తోందా? అయితే ఆ రెండో కళ అలంకారానికి వచ్చినట్టే. స్టేజీ మీద వెనక ఒకాయన పెయింటింగ్ వేస్తుంటాడు, ముందు అమ్మాయి తిల్లానా చేస్తుంటుంది. ఆయన జ్వరం వచ్చి రాకపోయినా తిల్లానా ఆగదు. ఆ ఐటమ్‌లో ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని లేదు. ఒకరు ఆగితే రెండోవాళ్లు ఇరుక్కుపోవాలి. అలాంటి ఒక్క చోటు దొరికేదాకా పాట ఎంచుకోవద్దు, కాస్ట్యూమ్ కుట్టించవద్దు.

ఆ చోటు ఎక్కడ వెతకాలి? ముందు మీ కళలోనే. "సంప్రదాయాన్ని పాడుచేస్తున్నారు" అనే పెద్దలకు సమాధానం కూడా అక్కడే దొరుకుతుంది. కూచిపూడిలో సింహనందిని ఉంది. నేల మీద రంగుపొడి పరిచి, దాని మీద గుడ్డ వేసి, తాళానికి తగ్గట్టు అడుగులు వేస్తూ పోతే నృత్యం అయ్యేసరికి గుడ్డ మీద సింహం బొమ్మ తేలుతుంది. తాళమేమో సింహనందనం, ఒక్క ఆవృత్తానికి, అంటే తాళం ఒక చుట్టు తిరిగేసరికి, 128 అక్షరాల లెక్క. నెమలి గీసే మయూర కౌత్వం కూడా ఈ కోవదే. పెయింటరూ డాన్సరూ ఒకే మనిషి, కుంచె కాలే. పై పరీక్షలో ఇది నూటికి నూరు తెచ్చుకుంటుంది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలపు పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసినప్పుడు రామప్ప గుడి శిల్పాలను ముందు పెట్టుకునే కదా పనిచేశారు! కలపడం మనకు కొత్తేమీ కాదు. తిరిగి వెతుక్కునే ఓపిక ఉండాలంతే.

నాకు దొరికిన చోటు తెర. కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ ప్రవేశం గుర్తు చేసుకోండి. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు, దాని వెనకనుంచి ముందు జడ వచ్చి తెర మీద పడుతుంది, మనిషి తర్వాత వస్తుంది. తోలుబొమ్మలాటకు తెరే ప్రపంచం. రెండింటికీ తెర ఉందని తట్టాక సగం ఐటమ్ దానంతట అదే వచ్చింది. తెర మీద తోలు సత్యభామ ఆడుతుంది, ఆమె జడ నీడ సాగుతుంది, ఆ నీడ ఆగిన చోటే పైనుంచి అసలు జడ జారి ఇటు పడుతుంది. బొమ్మ ఆడించే ఆయన ఒక్క క్షణం ఆలస్యం చేస్తే నా శిష్యురాలు జడ పట్టుకుని తెర వెనక నిలబడి ఉండాల్సిందే.

ఏ కళ, ఎవరితో?

బస్సెక్కి వెళ్లి మాట్లాడి సాయంత్రానికి ఇంటికి రాగలిగిన కళను ఎంచుకోండి. రిహార్సల్స్ కుదరాలంటే ఇదే మొదటి లెక్క. విజయవాడ, గుంటూరు వాళ్లకు ఈ విషయంలో లోటు లేదు. నరసరావుపేట వైపు తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. కొండపల్లిలో పొనికి కర్ర బొమ్మలు, పెడనలో కలంకారీ అద్దకం, తెనాలి చుట్టుపక్కల పద్యనాటకం. బుర్రకథ సంగతి చెప్పక్కర్లేదు, ఆ కళకు పేరు తెచ్చిన నాజర్ గారిది గుంటూరు జిల్లా పొన్నెకల్లు.

ఇందులో ఏది ఎంతవరకు లొంగుతుందో నా అంచనా చెబుతాను. బుర్రకథ డాన్సర్లకు అన్నిటికంటే సులువు. కథకుడు తంబురా పట్టుకుని చిందులేస్తూనే కథ చెబుతాడు, చేతి బొటనవేలి అందెలు తాళం వేస్తుంటాయి, పక్కన వంత పాడే ఇద్దరు డక్కీలనే చిన్న డోళ్లతో ఉంటారు. అంటే అడుగు ముందే ఉంది. పద్యం కష్టం. పద్యానికి తాళం లేదు, రాగం తీసినంతసేపూ మీరు ఒక భంగిమలో ఊపిరి బిగబట్టి ఉండాలి. కుదిరితే మాత్రం హాలంతా నిశ్శబ్దమైపోతుంది. కలంకారీ దగ్గర జాగ్రత్త, నూటికి తొంభై మంది చీర కట్టుకుని "కలంకారీతో ఫ్యూజన్" అనేస్తారు. కొండపల్లి బొమ్మను ఇంతవరకు ఎవరూ సరిగ్గా వాడినట్టు నాకు అనిపించలేదు. మీలో ఎవరైనా ప్రయత్నించండి.

మొదటిసారి కలవడానికి వెళ్లినప్పుడు డబ్బు సంగతి ముందే మాట్లాడండి. మన వాళ్లకు ఇక్కడే మొహమాటం. "కళాసేవ కదండీ" అని మొదలుపెడితే అవతలి ఆయన మర్యాదకు తల ఊపుతాడు, రెండో రిహార్సల్‌కు రాడు. ఆటలు తగ్గాక ఆ కుటుంబాల్లో చాలామంది తోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు. మీ రిహార్సల్‌కు వచ్చిన రోజు ఆ పని పోయినట్టే. ప్రదర్శన రోజుకు ఎంత, రిహార్సల్ రోజుకు ఎంత, దారిఖర్చు ఎంత, భోజనం ఎవరిది అని విడివిడిగా చెప్పండి. ఇంకో మాట, బొమ్మలాట ఒక్క మనిషి పని కాదు. ఆడించేవాళ్లు, పాడేవాళ్లు, హార్మోనియం, మద్దెల కలిపి ఒక కుటుంబం వస్తుంది. కనీసం ముగ్గురు నలుగురికి లెక్క వేసుకోకపోతే బేరం దగ్గర ఇద్దరికీ ఇబ్బంది.

మొదటి రిహార్సల్స్

పాట లేకుండా, గజ్జెలు లేకుండా మొదలుపెట్టండి. నేను చేయించే మొదటి పని చాలా చిన్నది. ఒక వాక్యం ఇస్తాను, "ఆమెకు కోపం వచ్చింది, కానీ వెళ్లిపోలేదు" లాంటిది. డాన్సరు తన పద్ధతిలో చేస్తుంది, బొమ్మ ఆయన తన పద్ధతిలో ఆడిస్తాడు, తర్వాత ఒకరిది ఒకరు చేయాలి. మన అమ్మాయిలు కోపం అనగానే కనుబొమ్మల మీదకు వెళ్తారు. బొమ్మకు కనుబొమ్మ కదలదు. దాని నడుమ నిలువుగా ఒక పుల్ల, చేతులకు వేరే పుల్లలు ఉంటాయి, కాళ్లు ఊరికే వేలాడుతుంటాయి. కోపం మొత్తం ఆ మొండెం విసురులోనే రావాలి. అది చూశాక మా అమ్మాయి ముఖం పక్కన పెట్టి భుజంతో కోపం చూపించింది. గురువుగా నేను వందసార్లు చెప్పినా రానిది ఆ తోలు ముక్క ఒక్క పూటలో నేర్పింది.

రెండో పని, తెర వెనకకు వెళ్లి ఆయన కాళ్లు చూడండి. ముందు కూర్చున్నవాళ్లకు కనబడేది బొమ్మ, వినబడేది ధనధనమనే చప్పుడు. ఆ చప్పుడు కాళ్లతో చెక్కల్ని తొక్కితే వస్తుంది. యుద్ధం ఘట్టంలో రెండు చేతుల్లో బొమ్మలు, కింద కాళ్లు చెక్క మీద, నోట పాట. ఆ మనిషి పూర్తి డాన్సరు, ఎవరికీ కనబడడంతే. మా ఐటమ్‌కు అసలు అతుకు ఇక్కడే దొరికింది. ఆయన చెక్క తొక్కిడికి తెర ఇవతల మా అమ్మాయి అడుగుతో జవాబు చెబుతుంది. ఆయన నాలుగు వేస్తే ఈమె నాలుగు, ఆయన తిశ్రంలోకి, అంటే మూడేసి లెక్కల నడకలోకి, వెళ్తే ఈమె వెంట వెళ్తుంది. చివరికి ఎవరు ఎవరిని ఆడిస్తున్నారో తెలియదు. తెర తీసేస్తాం. ఆయన కాళ్లు జనానికి కనబడతాయి.

తాళం దగ్గర గొడవ తప్పదు. మనకు అంతా లెక్క, జతి (అడుగుల వరుస) ఇన్ని ఆవృత్తాలు, దాన్ని ముగించే తీర్మానం మూడుసార్లు, చివరి ముక్తాయింపు సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద. బొమ్మలాటలో నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చారంటే లెక్క గోవిందా. ఊళ్లో ఆ రోజు జరిగిన సంగతి కూడా అందులోకి వచ్చేస్తుంది. "బాబాయ్, ఎనిమిది ఆవృత్తాలకు ఆపేయాలి" అంటే ఆయన నవ్వాడు: "నేను ఆపుతానమ్మా, జుట్టుపోలిగాడు ఆగొద్దూ?" దీనికి నా ఉపాయం గుర్తుమాట. ఫలానా మాట వాడి నోట వచ్చిందంటే వెంటనే నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు పలకడం) మొదలు. అప్పటిదాకా డాన్సరు చిన్న అడుగుతో తిరుగుతూ, వాడి మాటలకు తలతిప్పి మొహం చూపిస్తూ ఉండాలి. అంటే ముందు వదులు, తర్వాత బిగువు. బిగించిన జతి ముందు పెట్టి వదులు తర్వాత పెడితే ఐటమ్ చప్పబడిపోతుంది. గుర్తుమాట మామూలుగా వాడే మాట కాకూడదు. "సరే" అని పెట్టుకున్నారనుకోండి, మీ పని సరే.

దీపం, నీడ

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, పుస్తకాల్లో దొరకనిదీ ఇదే. తోలుబొమ్మ పలచగా గీకిన తోలు, వెలుతురు దానిలోంచి దూసుకొస్తుంది, అందుకే తెర మీద ఎరుపూ ఆకుపచ్చా కనబడతాయి, నగలకు పొడిచిన చిల్లులు మెరుస్తాయి. మనిషి ఒళ్లు వెలుతురును ఆపేస్తుంది, పడేది నల్లని నీడ. రెండూ పక్కపక్కన వస్తే రంగుల సత్యభామ పక్కన నల్లటి ముద్ద నిలబడినట్టుంటుంది. దీన్ని దాచాలని చూడకండి, కథకు వాడుకోండి. మేము కలహం ఘట్టంలో కృష్ణుణ్ణి రంగుల బొమ్మగా, సత్యభామను నల్లని నీడగా పెట్టాం. అలిగిన మనిషి రంగు వదిలేసిందని జనం వాళ్లే అనుకున్నారు.

మన ఆంధ్ర బొమ్మలు దేశంలోకెల్లా పెద్ద బొమ్మల్లో లెక్క, ఐదారు అడుగులవి కూడా ఉంటాయి. అందువల్ల మనిషి నీడకూ బొమ్మకూ ఎత్తు సరిపెట్టడం సాధ్యమే, కాస్త లెక్క తెలిస్తే చాలు. దీపం తెరకు 12 అడుగుల దూరంలో ఉండి, డాన్సరు సరిగ్గా మధ్యలో 6 అడుగుల దగ్గర నిలబడితే నీడ రెట్టింపు ఎత్తు పడుతుంది. తెరకు 3 అడుగుల దగ్గరికి వస్తే ఒకటింబావుకు కొంచెం పైన. తెరను ఆనుకుంటే ఉన్నంతే. దీపం వైపు వెళ్లేకొద్దీ నీడ పెరుగుతుంది, అంచు మసకబారుతుంది. నేల మీద సుద్దముక్కతో ఈ మూడు చోట్లా గీత గీసి సాధన చేయించండి. ఒక్క అడుగు ముందుకో వెనకకో పడితే సత్యభామ తాటకి అయిపోతుంది.

ఒకసారికి వెలిగే లైటు ఒక్కటే ఉండాలి, చిన్నది కావాలి. షాపుల్లో దొరికే ఎల్ఈడీ ప్యానెల్ తెస్తే దానిలో ఎన్ని చుక్కలుంటే అన్ని నీడలు, మనిషి అంచులు మసకబారతాయి. ఒక్క బల్బు, చుట్టూ డొప్ప లేకుండా చూసుకోండి. పూర్వం ఆముదపు దీపాలతో ఆడేవారు, తర్వాత పెట్రోమాక్స్, ఇప్పుడు బల్బులు. బొమ్మల వాళ్లు దీపాన్ని తెరకు దగ్గరగా వేలాడదీసుకుంటారు, మీకేమో దూరంగా కావాలి. అందుకని రెండు లైట్లు, రెండింటికీ డిమ్మరు, ఒకటి తగ్గుతుంటే ఒకటి పెరగాలి. రెండూ ఒకేసారి వెలిగితే బొమ్మ రంగు వెలిసిపోతుంది, మనిషికి రెండు నీడలు పడతాయి. వైర్లు నేలకు టేపుతో అంటించండి, గజ్జెల కాలికి వైరు తగులుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వేడెక్కే బల్బును తెర గుడ్డకు దగ్గరగా పెట్టనివ్వకండి.

తెరకు వన్‌టౌన్ వస్త్రలతలో తెల్ల మల్లు గుడ్డ తీసుకోండి, పాలిస్టర్ వద్దు, మెరుస్తుంది. పాతరోజుల్లో రెండు పంచెలు కలిపి కుట్టేవారు, ఇప్పటికీ అది చక్కగా పనిచేస్తుంది. కుట్టు అడ్డంగా రానివ్వండి, నిలువు కుట్టు సరిగ్గా బొమ్మ ముఖం మీదకు వస్తుంది. కిందా పైనా కర్ర ఎక్కించి బిగలాగాలి. ఫ్యాను గాలికి తెర ఊగితే అందరూ ఈదుతున్నట్టుంటారు, మే నెలలో బెజవాడ హాల్లో ఫ్యాన్లు ఆపమంటే జనం ఊరుకోరు. ఆ తంటా కంటే తెర బిగించుకోవడం నయం.

హస్తాలు (చేతి ముద్రలు) కూడా మళ్లీ ఏరుకోవాలి. పతాకం పక్కకు తిరిగితే గీతలా కనబడుతుంది, శిఖరం వట్టి పిడికిలి. అలపద్మం వేళ్లు విడివిడిగా కనబడే కోణం ఒకటే ఉంటుంది, అది పట్టుకోండి. మృగశీర్షం, కర్తరీముఖం ఎటు తిప్పినా బాగా కనబడతాయి. అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమ) ఎదురుగా పెడితే నీడలో అద్భుతంగా ఉంటుంది. ముఖం మాత్రం పక్కవాటుగానే ఉండాలి, లేకపోతే ముక్కూ నోరూ లేని గుండ్రం.

హాలు, టైము

తుమ్మలపల్లి కళాక్షేత్రంలో చేయాలని అందరికీ కోరికే. నీడల ఐటమ్‌కు మొదట అంత పెద్ద హాలు వద్దు. గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయం లాంటి చోట జనం దగ్గరగా కూర్చుంటారు, చెక్క చప్పుడు వాళ్ల కాళ్లకు తగులుతుంది. గుంటూరు వాళ్లయితే వేంకటేశ్వర విజ్ఞాన మందిరం వైపు చూడండి. బుక్ చేసే ముందు ఒక్కటి అడగండి: హాలును పూర్తిగా చీకటి చేయగలరా? తలుపుల పైన అద్దాలుంటే సాయంత్రం ఆరున్నరకు ముందు మీ ఐటమ్ పెట్టకూడదు.

ఐటమ్ పన్నెండు నిమిషాలైతే ఐదు నిమిషాల ముక్క కూడా విడిగా సిద్ధం చేసుకోండి. ఒక ఉత్సవంలో ముఖ్య అతిథుల ప్రసంగాలు సాగి సాగి, మా వంతు వచ్చేసరికి నిర్వాహకులు "ఐదు నిమిషాల్లో కానివ్వండమ్మా" అన్నారు. శాలువాలకు దొరికిన టైము బొమ్మలకు దొరకదు, అదంతే. ఆ ఐదు నిమిషాల ముక్కలో జడ, చెక్క తొక్కిడి ఉంటే చాలు.

పేర్లు, కాగితాలు, డబ్బు

పోస్టరు మీద బొమ్మలాట ఆయన పేరు మీ పేరంత అక్షరాల్లోనే ఉండాలి. "సహకారం" అని కింద చిన్నగా వేస్తే నేనైతే ఆ ప్రదర్శనకు రాను. ఎవరు ఏ భాగం కూర్చారు, ఒకరు లేకుండా ఇంకొకరు ఆడవచ్చా, డబ్బు ఎలా పంచుకోవాలి అన్నది ఒక్క పేజీలో తెలుగులో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. 1957 కాపీరైట్ చట్టం కింద నృత్యరచనకు రక్షణ ఉంది, అయితే అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. మనసులో ఉన్నదానికి చట్టం ఏమీ చేయలేదు. అందుకని జతులు, గుర్తుమాటలు, లైటు మార్పులు నోటుబుక్కులో తేదీ వేసి రాయండి, వీడియో కూడా తీసి పెట్టుకోండి. సినిమా పాట వాడితే యూట్యూబ్‌లో పెట్టగానే సౌండ్ పోవచ్చు. హార్మోనియం వాయించే మనిషి మీ పక్కనే ఉండగా రికార్డు పాట ఎందుకు అసలు?

18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది, నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. ఆపైన 40 లోపు వాళ్లకు జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000. ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తులో "ఫ్యూజన్" అని రాసి వదిలేయకండి, మీ ఐటమ్‌లో ఆ రెండు కళలూ ఎక్కడ ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయో రెండు వాక్యాల్లో రాయండి. పైన చెప్పిన పరీక్ష అక్కడ అక్కరకొస్తుంది.

ఆ దరఖాస్తుకైనా, మీ రికార్డుకైనా మంచి వీడియో కావాలి. ఫోను దానంతట అది చీకటిని వెలిగించాలని చూస్తుంది, తెర తెల్లగా పేలిపోయి బొమ్మ రంగులు మాయమవుతాయి. వెలిగే తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుతురు తగ్గించండి. ఫోను హాలు మధ్యలో, తెరకు ఎదురుగా స్టాండు మీద ఉండాలి. రెండో ఫోనును చెక్క పక్కనే నేల మీద పెట్టి సౌండ్ ఒక్కటే రికార్డు చేసుకుని తర్వాత కలపండి, మధ్యలో ఉన్న ఫోనుకు ఆ కాళ్ల చప్పుడు సగం కూడా అందదు.